గింజ పడిందా, లేదా? విత్తే గొర్రు సెన్సర్ల మీద మీ ప్రశ్నలు

ముంగారు దగ్గర పడుతోంది కాబట్టి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ట్రాక్టర్ గొర్రుల మీదే ఉన్నాయి. వాటిలో కూడా ఎక్కువమంది అడిగింది గొట్టంలో గింజ పడుతోందో లేదో చెప్పే సెన్సర్ల గురించి. చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చినవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు, అందుకని ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: అన్నా, మేం తిరుపతిలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాం. చెనక్కాయ విత్తే గొర్రుకు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగునిచ్చే ఎల్‌ఈడీ, ఆ వెలుగును పసిగట్టే ఫోటోట్రాన్సిస్టర్, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి గింజలు లెక్కపెట్టే ప్రాజెక్టు చేశాం. ల్యాబ్‌లో టేబుల్ మీద ఒక్క గింజ కూడా తప్పకుండా లెక్కపెట్టింది. చంద్రగిరి దగ్గర ఒక చేన్లో ట్రాక్టర్‌కు కట్టి చూస్తే ఒకసారి సగమే చూపించింది, ఒకసారి పడినవాటికంటే ఎక్కువ చూపించింది, మధ్యాహ్నం ఎండలో అసలు పనిచేయడం మానేసింది. ఇంకా ఖరీదైన సెన్సర్ కొనాలా? రివ్యూ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముళ్ళూ, ఖరీదైన సెన్సర్ కొనకండి. మీరు చెప్పిన మూడు తప్పులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి, వాటిలో ఒక్కటి కూడా ఎల్‌ఈడీ చవకది కావడం వల్ల వచ్చింది కాదు.

ముందు సగం లెక్క సంగతి చూద్దాం. మీ గొట్టం లోపలి వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు అనుకోండి. ఒక్క ఎల్‌ఈడీ, దానికి ఎదురుగా ఒక్క రిసీవర్ (మీ ఫోటోట్రాన్సిస్టర్) పెడితే వాటి మధ్య ఉండేది అరసెంటీమీటరు మందం వెలుగు మాత్రమే, ఆ వెలుగును అడ్డుకున్న గింజే లెక్కలోకి వస్తుంది. గింజ వెడల్పు సెంటీమీటరు అయితే దాని మధ్యభాగం గొట్టంలో అటూ ఇటూ రెండున్నర సెంటీమీటర్ల మేర ఎక్కడైనా ఉండొచ్చు, అందులో ఒకటిన్నర సెంటీమీటర్ల మేర మాత్రమే వెలుగుకు తగులుతుంది, అక్కడా అంచు మాత్రమే తాకిన గింజ సరిగ్గా నీడ వేయదు. అంటే సుమారు సగం. టేబుల్ మీద చేత్తో ఒక్కో గింజ వదిలేటప్పుడు మనకు తెలియకుండానే నడిమధ్య నుంచి వదులుతాం, అందుకే అక్కడ అన్నీ లెక్కకు వచ్చాయి. గొట్టం అడ్డకొలత మొత్తాన్నీ కప్పేలా ఒకవైపు వరసగా నాలుగైదు ఎల్‌ఈడీలు, ఎదురుగా అన్ని రిసీవర్లు పెట్టండి. కంపెనీలు చేసే సెన్సర్లలో కూడా ఉండేది ఇలాంటి వెలుగు తెరే.

ఎక్కువ లెక్క రావడానికి కారణం మీ కోడ్‌లో ఉండి ఉంటుంది. వెలుగు ఒక గీత కంటే తగ్గితే గింజ, పెరిగితే ఖాళీ అని ఒకే గీత పెట్టుకుంటే, ట్రాక్టర్ అదురుకు సిగ్నల్ ఆ గీత దగ్గర పైకీ కిందికీ ఊగి ఒక్క గింజను రెండుసార్లు, మూడుసార్లు లెక్కపెడుతుంది. గింజ వచ్చిందనడానికి ఒక గీత, వెళ్ళిపోయిందనడానికి దానికంటే కాస్త పైన ఇంకో గీత పెట్టండి. చెనక్కాయ గింజ మీది ఎర్ర పొట్టు రాలి గొట్టంలో తేలుతూ దిగుతుంది కదా, దాన్ని కూడా మీ సెన్సర్ గింజే అనుకుంటుంది. పొట్టు మెల్లగా దిగుతుంది, గింజ వేగంగా పడుతుంది. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన గింజ సెకనుకు సుమారు 2.8 మీటర్ల వేగంతో వెలుగును దాటుతుంది, అంటే 8 మిల్లీమీటర్ల గింజకు 3 మిల్లీసెకన్లు, 13 మిల్లీమీటర్లు పొడవుగా పడితే నాలుగున్నర మిల్లీసెకన్లు పడుతుంది. ఈ నీడ ఎంతసేపు ఉందో కొలిస్తే పొట్టును పక్కన పెట్టొచ్చు, రెండు గింజలు ఒకదాని వెనక ఒకటి అంటుకుని వస్తే వాటినీ చాలావరకు పట్టుకోవచ్చు. రెండూ పక్కపక్కనే పడితే మాత్రం ఒక్కటిగానే కనిపిస్తాయి, ఆ హద్దును రివ్యూలో దాచకుండా చెప్పండి.

ఇంకో మాట, ఆ 3 మిల్లీసెకన్లలో మీ ఆర్డుయినో ఏం చేస్తోంది? ఎల్‌సీడీ మీద అంకెలు రాస్తూనో, డిలే కమాండ్‌లో ఆగిపోయో ఉంటే గింజ దాటిపోయిందని దానికి తెలియదు. ట్రాక్టర్ గంటకు 3.6 కిలోమీటర్లు, అంటే సెకనుకు మీటరు వేగంతో పోతూ 10 సెంటీమీటర్లకు ఒక గింజ వేస్తే ఒక్కో గొట్టంలో సెకనుకు 10 గింజలు, 9 సాళ్ళ గొర్రులో సెకనుకు 90. గింజ పట్టుకునే పనిని ఇంటరప్ట్‌కు, అంటే సిగ్నల్ మారగానే చేస్తున్న పని ఆపి దాన్ని చూసుకునే ఏర్పాటుకు అప్పగించి, అంకెలు చూపించే పని ఖాళీ దొరికినప్పుడు చేసుకునేలా రాయండి.

ఎండ విషయానికొస్తే, ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. పలచటి తెల్ల గొట్టమైతే ఆ వెలుగు లోపలికి వచ్చి రిసీవర్‌ను నింపేస్తుంది, గింజ అడ్డొచ్చినా వెలుగు తగ్గినట్టు దానికి అనిపించదు. ఆ చోట నల్లటి గొట్టం వాడండి, రిసీవర్ ముందు సన్నటి చీలిక పెట్టండి, ఎల్‌ఈడీని సెకనుకు కొన్ని వేల సార్లు వెలిగించి ఆర్పుతూ ఆ మినుకును మాత్రమే చదవండి. టీవీ రిమోట్ రిసీవర్ వాడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మామూలు రిమోట్ రిసీవర్ ఆగకుండా వచ్చే సిగ్నల్‌ను కొంతసేపటికి అవసరం లేనిదిగా భావించి అణిచేస్తుంది, కాబట్టి అడ్డు తెరల కోసమే చేసిన రకం తీసుకోవాలి.

ఇవన్నీ సరిచేసినా అసలు శత్రువు మిగిలే ఉంటుంది, అది దుమ్ము. మన ఎర్రనేలల్లో పై దుమ్ము ఒకటి, గింజకు పట్టించిన మందు పొడి ఇంకొకటి. కిలో విత్తనానికి 3 గ్రాముల తెగుళ్ళ మందు మాంకోజెబ్ కలిపి వేస్తారు కదా, ఆ పసుపు పొడి గొట్టం లోపల వెలుగు కిటికీల మీద పేరుకుంటుంది. మీరు ల్యాబ్‌లో వాడింది అంగడిలో కొన్న శుభ్రమైన గింజలై ఉంటాయి. దుమ్ముకు పరిష్కారం ఇలా: గింజ పడని క్షణాల్లో వచ్చే వెలుగు సగటును ఎప్పటికప్పుడు మెల్లగా సరిచూసుకుంటూ, దాంతో పోల్చి ఎంత శాతం తగ్గిందన్నదే చూడాలి, ఒక స్థిరమైన అంకెతో పోల్చకూడదు. సగటు తగ్గేకొద్దీ ఎల్‌ఈడీకి కరెంట్ పెంచాలి. ఇక పెంచడానికి లేనంతగా పడిపోతే లెక్క ఆపేసి, ఫలానా గొట్టం కిటికీ తుడవండి అని వేరే లైటు వెలగాలి. తనకు కళ్ళు కనిపించడం లేదని తానే చెప్పగలిగే సెన్సర్‌నే నేను నమ్మదగిన సెన్సర్ అంటాను. ఈ ఒక్క గుణం మీ ప్రాజెక్టులో పెట్టండి, మిగతా బ్యాచ్‌ల కంటే అక్కడే ముందుంటారు.

వేరే రకాలు ఉన్నాయా అంటే ఉన్నాయి. గింజ తగిలిన దెబ్బను పసిగట్టే పీజో పలక దుమ్ముకు భయపడదు, కానీ ట్రాక్టర్ అదురును కూడా దెబ్బే అనుకుంటుంది, పైగా పలకకు తగిలిన గింజ ఎగిరి ఎడం మారిపోతుంది. చెనక్కాయ గింజ చాలా సున్నితం, పై పొర చిట్లినా బద్దలు విడిపోయినా మొలక దెబ్బతింటుంది కాబట్టి ఈ పంటకు పలక రకం నాకు నచ్చదు. రెండు లోహపు పలకల మధ్య గింజ వచ్చినప్పుడు వాటి కెపాసిటెన్స్‌లో (కరెంటును నిలవ ఉంచుకునే గుణంలో) వచ్చే మార్పును చూసే రకం దుమ్మును బాగా తట్టుకుంటుంది, అయితే అది తేమను కూడా చూస్తుంది. రైజోబియం అనే మేలుచేసే బ్యాక్టీరియా ద్రావణం పట్టించిన తడి గింజకూ ఆరిన గింజకూ వేర్వేరుగా స్పందిస్తుంది. అమెరికాలో మొక్కజొన్న విత్తే యంత్రాలకు రేడియో తరంగాలతో గింజ ద్రవ్యరాశిని పసిగట్టే సెన్సర్లు కూడా వచ్చాయి, దుమ్ము బాధ తప్పించుకోవడానికే ఆ దారి పట్టారు. మీ స్థాయికి వెలుగు తెర చాలు, దాన్నే గట్టిగా చేయండి.

ప్రశ్న: సార్, మాది పలమనేరు పక్కన పల్లె. పోయిన ఏడు సెన్సర్ పెట్టెతో వచ్చే తొమ్మిది సాళ్ళ గొర్రు బాడుగకు తెచ్చినాను. విత్తినంతసేపూ అది బీప్ బీప్ అని మోగుతానే ఉంది. గొట్టాలు చూస్తే గింజలు బాగానే పడతా ఉన్నాయి. చివరికి డ్రైవర్ విసుగెత్తి వైరు పీకేసినాడు. తర్వాత చూస్తే ఒక సాలు మొత్తం మొలకే లేదు. ఈ సెన్సర్లు నమ్మొచ్చా సార్?

జవాబు: అన్నా, మీకు జరిగింది చదివి బాధేసింది. పదునులో విత్తనం పడకపోతే మళ్ళీ పదును ఎప్పుడొస్తుందో తెలియని నేల మనది, సాలు మధ్యలో తర్వాత గుద్దిన విత్తనం ముందు మొలిచిన దాని నీడలోనే ఉండిపోతుంది. 30 సెంటీమీటర్ల సాళ్ళు, 10 సెంటీమీటర్ల ఎడంతో ఎకరాకు సుమారు 1,34,900 మొక్కలు రావాలి. తొమ్మిదిలో ఒక గొట్టం మూసుకుపోయి ఎకరమంతా అలాగే తిరిగితే సుమారు 15,000 మొక్కల చోటు ఖాళీ పడుతుంది.

డ్రైవర్ వైరు పీకడం అతని తప్పని నేను అనను. గింజలు బాగానే పడుతుంటే అన్నిసార్లు మోగేలా ఆ పెట్టెను తయారు చేసిన వాళ్ళదే తప్పు, ఎందుకో లెక్క వేసి చెబుతాను. తిరిగే ప్లేటు ఒక్కో గింజను గొట్టంలోకి వదిలే ఏ గొర్రయినా అప్పుడప్పుడూ ఒక గింజ వదిలేస్తుంది, వందకు ఐదు వదిలేస్తుందనుకుందాం. వరసగా రెండు గింజలు తప్పితే మోగాలని పెట్టారనుకోండి. ఐదు శాతంలో ఐదు శాతం అంటే నాలుగు వందలకు ఒకసారి అలా జరుగుతుంది. సెకనుకు 10 గింజలు కాబట్టి ఒక్కో సాలులో 40 సెకన్లకు ఒకసారి మోగుతుంది, తొమ్మిది సాళ్ళు కలిపితే నాలుగైదు సెకన్లకు ఒకసారి! ఏ డ్రైవరూ దాన్ని భరించలేడు. అదే వరసగా ఐదు గింజలు తప్పితేనే మోగాలని మారిస్తే, ఊరికే మోగడం తొమ్మిది సాళ్ళకూ కలిపి సుమారు పది గంటలకు ఒక్కసారికి తగ్గిపోతుంది, గొట్టం నిజంగా మూసుకుపోతే మాత్రం అరమీటరు దూరంలోనే తెలిసిపోతుంది. మంచి పెట్టెల్లో ఈ అంకె మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. బాడుగకు ఇచ్చినవాళ్ళను అడిగి ఐదుకు పెట్టించుకోండి.

రెండో సంగతి, అలారం కాలాన్ని బట్టి కాకుండా దూరాన్ని బట్టి నడవాలి. సగం సెకను గింజ రాకపోతే మోగించే పెట్టె, ట్రాక్టర్ మలుపులో నెమ్మదించినా, గొర్రు పైకెత్తినా మోగుతుంది. చక్రం ఎంత తిరిగిందో చూసుకునే పెట్టె అయితే బండి ఆగినప్పుడు ఊరుకుంటుంది. గొర్రు ఎత్తినప్పుడు తెలిసేలా ఒక చిన్న స్విచ్ కూడా ఉండాలి. కొనేముందు, బాడుగకు తెచ్చేముందు కూడా, డ్రైవర్‌ను ఒకసారి గొర్రు పైకెత్తి మలుపు తిప్పమనండి. అక్కడే మోగితే ఆ యంత్రం వద్దు.

గొట్టం పూర్తిగా మూసుకుపోకుండా సగం సగం పడే జబ్బు ఐదు గింజల నియమానికి దొరకదు. దానికి వేరే మెల్లటి లెక్క ఉండాలి. గడిచిన 20 మీటర్లలో రావాల్సిన 200 గింజల్లో 170 కంటే తక్కువ వస్తే మోగకుండా పసుపు లైటు వెలగాలి, డ్రైవర్ సాలు చివర దిగి చూసుకుంటాడు. మోగే శబ్దాన్ని ఇప్పుడే ఆపాల్సిన పనికే దాచుకోవాలి.

సెన్సర్లను నమ్మొచ్చా అని అడిగారు. ఊరికే మోగనిదైతే నమ్మొచ్చు. ఈసారి ఏ పెట్టె ఉన్నా, లేకపోయినా, విత్తడం మొదలుపెట్టిన పది నిమిషాలకు బండి ఆపి ప్రతి సాలులో ఒక మీటరు మేర మట్టి తీసి చూడండి. పది గింజల దగ్గర్లో ఉంటే సాగిపోండి.

ప్రశ్న: సార్, చిత్తూరులో మా నాన్నతో కలిసి గొర్రులు, గుంటకలు చేసే వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. రైతులు సెన్సర్ ఉన్న గొర్రు కావాలని అడుగుతున్నారు. ఎలక్ట్రానిక్స్ చేసి ఇవ్వడానికి ఒక కుర్రాడు ఉన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? చక్రం, చైను తీసేసి మోటారుతో ప్లేటు తిప్పితే మేలంటున్నాడు, నిజమేనా?

జవాబు: చెల్లెమ్మా, గింజలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టొద్దు. రైతుకు నష్టం తెచ్చేవి ముఖ్యంగా మూడు: పెట్టెలో విత్తనం అయిపోవడం, ప్లేటు తిరగకపోవడం, కింద కర్రు దగ్గర మట్టి ఇరికి గొట్టం మూసుకుపోవడం. ఈ మూడింటినీ చవగ్గా, గట్టిగా పట్టుకోవచ్చు. ప్లేటు తిరిగే షాఫ్టుకు ఒక అయస్కాంతం, దాని ఎదురుగా అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఒకటి పెడితే చైను తెగినా, పిన్ను విరిగినా వెంటనే తెలుస్తుంది. అయస్కాంతానికి దుమ్ముతో పనిలేదు కాబట్టి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పెట్టె అడుగుకు కాస్త పైన ఒక వెలుగు జత పెడితే విత్తనం తగ్గినప్పుడు చెబుతుంది. గొట్టంలో వెలుగు తెర ఉంటే, ఆ వెలుగు ఆగకుండా మూసుకుపోయి ఉన్నప్పుడు గింజలు పేరుకున్నట్టే. ఈ మూడు రెండు ముంగార్లు తట్టుకుని నిలబడ్డాక లెక్క సంగతి చూద్దాం.

వెలుగు తెరను ఎంత ఎత్తున పెట్టాలన్నది మీరే తేల్చుకోవాల్సిన విషయం, రెండు వైపులా లాభనష్టాలున్నాయి. కర్రుకు దగ్గరగా పెడితే మూసుకుపోవడం త్వరగా తెలుస్తుంది గానీ తడి మట్టి వచ్చి కిటికీకి అతుక్కుంటుంది. ప్లేటుకు దగ్గరగా పెడితే శుభ్రంగా ఉంటుంది, కానీ కింద మూసుకుపోయిన గొట్టం గింజలతో అక్కడిదాకా నిండేవరకు తెలియదు. పది సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో మీటరుకు పది గింజలే పడతాయి కాబట్టి గొట్టం నిండేలోపు బండి చాలా దూరం పోతుంది. నన్నడిగితే నేలకు ఒక జానెడు పైన పెట్టి, కిటికీ బయటి నుంచి చేతి వేలితో తుడవగలిగేలా తలుపు చేయండి. స్క్రూడ్రైవర్ కావాల్సిన తలుపయితే చేన్లో ఎవరూ తుడవరు. ఆ తలుపు చేయగలిగేది మీరే, ఎలక్ట్రానిక్స్ కుర్రాడు కాదు.

కరెంటు దగ్గరే ఇలాంటి పెట్టెలు ఎక్కువగా పోతాయి. ట్రాక్టర్ బ్యాటరీ 12 వోల్టులని పేరుకే, స్టార్ట్ చేసేటప్పుడు సగానికి పడిపోవచ్చు, చార్జ్ అయ్యేటప్పుడు 14 దాటుతుంది, నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ వదులైతే ఆల్టర్నేటర్ నుంచి పదుల వోల్టుల దెబ్బ ఒక్కసారిగా వస్తుంది. వాహనాల కోసం చేసిన సర్జ్ రక్షణ, తీగలు తిరగేసి పెట్టినా కాలిపోని ఏర్పాటు, ఫ్యూజు, ఈ మూడూ లేకుండా ఒక్క పెట్టె కూడా షాపు దాటనివ్వకండి. కనెక్టర్లు ఐపీ67 రకం తీసుకోండి. దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటాయని ఆ గుర్తుకు అర్థం. గొర్రు ఏడాదిలో కొన్ని రోజులే పనిచేసి మిగతా కాలమంతా కొట్టంలో పడి ఉంటుంది, ఆ నెలల్లోనే ఎలుకలు తీగలు కొరుకుతాయి, కందిరీగలు గొట్టాల్లో మట్టి గూళ్ళు కడతాయి, కనెక్టర్లకు చిలుము పడుతుంది. తీగలను ఇనుప పైపు లోపలి నుంచి తీసుకెళ్ళండి. డిస్‌ప్లే పెట్టెను, తీగల కట్టను విప్పి ఇంట్లో పెట్టుకునేలా చేయండి, గొట్టాలకు మూతలు కూడా ఇవ్వండి. ఒక సెన్సర్ పోతే మిగతా ఎనిమిదీ ఆగిపోకూడదు, పోయినదాన్ని రైతే మార్చుకునేలా తొమ్మిదీ ఒకే రకంగా ఉండాలి.

ఇక మోటారు. ఆ కుర్రాడు చెప్పింది తప్పు కాదు. చైనుతో ప్లేటును తిప్పే చక్రం మెత్తటి దుక్కిలో తిరక్కుండా ఈడ్చుకుపోతుంది. పది శాతం అలా జారితే 10 సెంటీమీటర్ల ఎడం 11 అవుతుంది, మోటారుతో అయితే ఒక్క మీట తిప్పి ఎడం మార్చుకోవచ్చు కూడా. అయితే మోటారుకు బండి వేగం ఎవరో చెప్పాలి. అదే చక్రానికి ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ పెట్టి వేగం తీసుకుంటే జారుడు జబ్బు అలాగే ఉంటుంది. మామూలు జీపీఎస్ చోటు చెప్పడంలో మీటర్ల తేడా చూపినా వేగం మాత్రం బాగానే చెబుతుంది, కానీ బండి కదలగానే చెప్పదు. సెకను ఆలస్యమైతే సాలు మొదట్లో మీటరు ఖాళీ పడుతుంది. కదిలేటప్పుడు చక్రాన్ని, నడిచేటప్పుడు జీపీఎస్‌ను నమ్మేలా రెండూ కలపాలి. ఇది రెండో దశ పని. మొదటి గొర్రుకు చైనే ఉంచండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్స్ ఆగిపోయినా చైను గొర్రు విత్తుతూనే ఉంటుంది. పదును ఉన్న ఆ రెండు మూడు రోజుల్లో రైతుకు కావాల్సింది అదే.

ప్రశ్న: నాయనా, మాది ఐరాల మండలం. ఈ సెన్సర్ గింజ ఎంత లోతులో పడిందో, మొలుస్తుందో లేదో చెబుతుందా?

జవాబు: చెప్పదు పెద్దాయనా. గొట్టంలో ఏదో పడిందని మాత్రమే చెబుతుంది. బద్ద అయినా, పుచ్చు గింజయినా దానికి ఒకటే. లోతు గొర్రు సర్దుబాటు మీద, దుక్కి మీద ఉంటుంది, మీరు వేలు పెట్టి చూసే పద్ధతే ఇప్పటికీ సరైనది. మొలక సంగతి విత్తడానికి ముందే తడి గోనెసంచిలో వంద గింజలు చుట్టి చూసుకోండి. నూటికి 85 మొలిస్తే ఆ మేరకు విత్తనం పెంచాలి. నూరు గింజలు 40 గ్రాములు తూగే రకమైతే ఎకరాకు 1,34,900 గింజలకు 54 కిలోలు అవుతుంది, 85 శాతం మొలక లెక్కన 63 కిలోల పైన పడుతుంది. సెన్సర్ పెట్టినంత మాత్రాన ఇందులో సగం ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జతలుగా పడే గింజలు తగ్గిన మేరకే ఆదా.

ప్రశ్న: మా స్నేహితులం కలిసి ఈ సెన్సర్లు చేసి అమ్మాలనుకుంటున్నాం. 99 శాతం కచ్చితం అని బ్రోచర్‌లో వేయొచ్చా? పరీక్ష ఎలా చేయాలి? తిరుపతి నుంచే చేయగలమా?

జవాబు: వంద గింజలు పోసి వందా వచ్చాయని 99 శాతం అని వేయకండి. తప్పు ఒక్కటి కూడా రాకుండా వరసగా 300 గింజలు లెక్కపెడితేనే, తప్పు ఒక శాతం లోపని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. వెయ్యికి ఒక తప్పు లోపు అని చెప్పాలంటే వరసగా 3,000 కావాలి. ఆ 300 కూడా ఒకే పూట, ఒకే రకం గింజతో కాదు. చిన్న గింజ, పెద్ద గింజ, మందు పట్టించినది, తడిది, ఎండలో, సాయంత్రం, కిటికీ తుడిచిన వెంటనే, ఎకరం విత్తాక తుడవకుండా, ఇలా ప్రతి పరిస్థితికీ విడిగా చేయాలి. బ్రోచర్‌లో అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె వేయండి, ఏ పరిస్థితిలో వచ్చిందో కూడా రాయండి. రైతు చేన్లో ఎదురయ్యేది ఆ పరిస్థితే.

లెక్క ఒక్కటే చాలదు, ఎడం కూడా చూడాలి. దీనికి 1984లో వచ్చిన ఐఎస్‌ఓ 7256-1 అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి ఉంది. ఉండాల్సిన ఎడంలో సగం కంటే దగ్గరగా పడితే జత, ఒకటిన్నర రెట్ల కంటే దూరమైతే తప్పిన గింజ, మధ్యలోవి సరైనవి. మన 10 సెంటీమీటర్లకు 5 లోపు జత, 15 దాటితే తప్పు. గ్రీజు పూసిన పొడవాటి బెల్టును గొర్రు కింద నడిపితే గింజలు పడ్డచోటే అతుక్కుంటాయి, టేపుతో కొలుచుకోవచ్చు, అదే సమయంలో మీ సెన్సర్ రాసుకున్న సమయాలతో పోల్చి చూడొచ్చు. సెన్సర్ దగ్గర ఉన్న ఎడం నేలలో అలాగే ఉండదని గుర్తుంచుకోండి. గింజ గొట్టం గోడలకు తగిలి, నేలలో దొర్లి ఎడం మారుతుంది, అందుకే కొలత రెండుచోట్లా తీయాలి.

తిరుపతి నుంచి చేయొచ్చా అంటే, నాకు తెలిసి ఇంతకంటే అనువైన ఊరు రాయలసీమలో లేదు. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో వేరుశనగ మీద దశాబ్దాల పని ఉంది, అక్కడి శాస్త్రవేత్తలను కలిసి ఏ రకాల గింజలతో పరీక్షించాలో ముందు అడగండి. ఏర్పేడు దగ్గర ఐఐటీలో ఉన్న నవావిష్కార్ ఐ-హబ్ పొజిషనింగ్, ప్రెసిషన్ టెక్నాలజీల మీదే పనిచేస్తుంది, మీ పనికి దగ్గరి విషయం. 9 సాళ్ళ విత్తే యంత్రం మీద హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా (CRIDA) చేసిన పని చూడండి. పూర్తి యంత్రంగా అమ్మే దశకు వస్తే, వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది, అక్కడి అధికారులను ముందుగా కలిసి ఏయే పరీక్షలు ఉంటాయో తెలుసుకుని డిజైన్ మొదలుపెట్టండి.

మొదటి ఏడాది అమ్మకండి. నలుగురైదుగురు రైతుల గొర్రులకు ఉచితంగా బిగించి, విత్తే రోజుల్లో మీలో ఒకరు ట్రాక్టర్ వెనకే నడవండి. డ్రైవర్ వైరు పీకితే ఎందుకు పీకాడో అక్కడే అడిగి రాసుకోండి. జూలై చివరికి ఆ కాగితాలతో రాయండి, చదివి జవాబిస్తాను.